మా వీధిలోంచి వద్దు

ఫిబ్రవరి 9

అమ్మాయ్,

ఫోన్ చేయకుండా ఉత్తరం రాసిందేమిటా అని ఆశ్చర్యపోకు. ఫోన్‌లో అయితే నా మాట సగం నోట్లో ఉండగానే నీకు మీటింగ్ వచ్చేస్తుంది. కాగితాన్ని మధ్యలో కట్ చేయలేవు. చించితే చించు, చించేలోపు ఎక్కడో ఒకచోట కన్ను పడకపోదు.

మీ కంపెనీ ఇంటింటికీ పంచిన కరపత్రం మా గుమ్మంలోకీ వచ్చింది. దళసరి కాగితం, నున్నగా ఉంది, కారు అద్దం తుడవడానికి కూడా పనికిరాలేదు. ఈ కొండ వెనక నుంచి, బడి ప్రహరీని ఆనుకుని, మా పెరళ్ళ కింద నుంచి గ్యాస్ గొట్టం వేస్తారట. "మీ వంటింటి పొయ్యి కన్నా సురక్షితం" అని పైన బండ అక్షరాలు. అది చదివి మీ అన్నయ్య వైపు చూశాను. ఆయన నా వైపు చూడలేదు. అంటే ఆయనా పోల్చుకున్నాడన్నమాట. వాక్యం చివర పంచదార పూసే విద్య మీ ఇంట్లో నీకొక్కదానికే వచ్చు.

మా పొయ్యి ఆర్పే మర నా చేతి కిందే ఉంటుంది తల్లీ. మీ గొట్టం మర ఎక్కడుంటుంది? ఎవడి చేతిలో ఉంటుంది? నాలుగు వానలు పడితే ఈ కొండ మట్టి జారి రోడ్డు మీదకి వస్తుందని నీకు తెలియదూ? నువ్వు చదువుకున్న బడే కదా అది!

ఇంకో సంగతి. మొన్న మీ ఆఫీసరొకడు వచ్చాడు. నవ్వుని మొహానికి కుట్టించుకున్నట్టున్నాడు. చేతిలో పళ్ళబుట్ట. "మీ ఆడపడుచుగారు పంపించారండీ" అన్నాడు. ఎంత ప్రేమ! నేనీ ఇంటికి వచ్చినప్పటి నుంచీ ఒక్క అరటిపండు తెచ్చిన పాపాన పోనిదానివి, ఏకంగా బుట్ట పంపావు. గుమ్మం దాటనివ్వలేదులే. పక్కింటివాళ్ళ మేకకి పెట్టాను.

మా వాళ్ళ గొప్పలూ విను. గొట్టం వద్దని కమిటీ పెట్టారు. మొదటి సమావేశం మా డ్రైవింగ్ స్కూల్ షెడ్డులోనే. అధ్యక్షుడెవరన్న దగ్గరే పొద్దు గూకింది. మైకు మామయ్య నీకు తెలుసుగా, ఆ రిటైరైన లాయరు. మైకు దొరికితే పసిపిల్ల పాలసీసా పట్టుకున్నట్టు పట్టుకుంటాడు. గొట్టంతో మొదలుపెట్టి తన మోకాలి ఆపరేషన్ దగ్గర తేలాడు. మందులషాపాయన బ్యానర్‌కి బట్ట ఇస్తాడట, దాని మీద షాపు పేరు వేయాలట. వీళ్ళతో ఉద్యమం నడపడం కన్నా చక్రాల్లేని కారు నడపడం తేలిక. కానీ ఉన్నది వీళ్ళే. వీళ్ళతోనే నడుపుతాను.

మీ అన్నయ్య కులాసా. బడిలో తన డ్రాయింగ్ పీరియడ్లు తీసేసి లెక్కలకిచ్చారని రోజూ కాసేపు బెంగపడతాడు, ఆ తర్వాత బ్యానర్లకి రంగులు కలుపుకుంటాడు.

పళ్ళకి కృతజ్ఞతలు చెప్పని,
నీ వదిన

*

ఫిబ్రవరి 17

ఉద్యమ నాయకురాలైన మా వదినకి,

నేను ఏ పళ్ళూ పంపలేదు. నీకు పంపేదాన్నయితే పచ్చిమిరపకాయలు పంపేదాన్ని. నా వాళ్ళు అక్కడ ఉన్నారని ఆ ఆఫీసరుకి ఎవరు చెప్పారో నాకు తెలియదు. నమ్మితే నమ్ము, లేకపోతే మేకని అడుగు.

కరపత్రం రాసింది నేనే. అది నా ఉద్యోగం. కిటికీలు తెరుచుకోని గదిలో, జిరాక్స్ మిషను పక్కన కూర్చుని, ఇంజనీర్లు రాసిన ముడివేసిన వాక్యాలని మనుషుల భాషలోకి మారుస్తాను. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. నువ్వు పొద్దున్నే టీ దేని మీద కాస్తావు వదినా? కోపం మీదా? ఎక్కడో ఎవరి ఇంటి వెనక నుంచో గ్యాస్ వస్తేనే కదా! నీ స్కూలు కార్లు మంచినీళ్ళు తాగి నడుస్తున్నాయా? వాడుకునేటప్పుడు అడ్డురాని నీతి, గొట్టం వేసేటప్పుడు ఎక్కడి నుంచి ఊడిపడింది? నీ కమిటీ సంగతి నువ్వే రాశావు, ఇక నేను కొత్తగా వెక్కిరించాల్సింది ఏముంది? మోకాలి ఆపరేషనూ, మందులషాపూ! వాళ్ళని చూసి మా కంపెనీ వణికిపోతోందనుకుంటున్నావేమో, ఇక్కడ మీ ఊరి పేరెత్తితే జనం టీ తాగుతూ నవ్వుకుంటున్నారు.

ఇంతవరకూ రాసి భోజనానికి వెళ్ళాను. అక్కడ పక్క సీటతను ఒక ముచ్చట చెప్పాడు. మీ సభలో, అందరి ముందూ, "ఈ అబద్ధాల కరపత్రం రాసింది మా ఇంటి పిల్లే" అని మా వాళ్ళే ఎవరో అన్నారట. జనం చప్పట్లు కొట్టారట. ఎవరన్నారో నేను ఊహించుకోలేనంత అమాయకురాలిని కాదు.

మీరు నన్ను ఇంట్లో ఎన్ని అన్నా పడ్డాను. వీధిలో పెట్టినందుకు చాలా సంతోషం. మీ ఉద్యమం దిగ్విజయం కావాలి.

ఇట్లు,
మీ భర్తగారి చెల్లెలు

*

మార్చి 2

మర్యాద ముదిరిన ఆడపడుచుకి,

"మీరు" ఎప్పటి నుంచి తల్లీ? నిన్ను సైకిలెక్కించి బడికి దింపిన చేతులివి. ఆ మాట అన్నది నేను కాదు. ఎవరన్నారో చెప్పను. నువ్వు నమ్మవని తెలుసు. నమ్మకు, నాకేం పోయింది?

టీ గురించి అడిగావు. గ్యాస్ మీదే కాస్తాను. కార్లకి పెట్రోలే పోస్తాను. అందుకని నా పెరట్లో ఎవడేం తవ్వినా నోరు మూసుకోవాలంటావా? ఆ లెక్కన బస్సెక్కినవాడు బస్సు గుద్దేస్తే అరవకూడదు.

సరే, ఇక్కడ జరుగుతున్న తమాషా విను. మీ లారీలు గొట్టాలు వేసుకుని కొండ ఎక్కడం మొదలుపెట్టాయి. ఎక్కడానికి ఉన్నది ఆ ఒక్క ఇరుకు రోడ్డే. కమిటీ ఏం చేద్దామంటే మైకు మామయ్య కలెక్టరుకి వినతిపత్రం అన్నాడు, మందులషాపాయన కొవ్వొత్తులన్నాడు. నేను లేచి, "నా దగ్గర ఎల్ బోర్డులున్నాయి" అన్నాను.

నా కార్లు రెండే. కానీ నా దగ్గర నేర్చుకుని కార్లు కొన్నవాళ్ళు వీధికొకరున్నారు. వాళ్ళ బళ్ళకి కూడా ఎల్ బోర్డులు తగిలించి, పొద్దున్నే ఒకరి వెనక ఒకరిని కొండ రోడ్డు ఎక్కించాను. నేర్చుకునేవాడు రోడ్డెక్కడం తప్పు కాదు. ఎత్తు మీద క్లచ్ వదిలి బండి ఆపేసుకోవడం అసలే తప్పు కాదు. ముందు పళ్ళ డాక్టరు. రోజంతా పరాయి నోళ్ళలోకి తొంగిచూసే మనిషికి, అద్దంలో మీ లారీ మూతి చూసేసరికి చెమటలు కారిపోయాయి. బండి ఆపాడు. మళ్ళీ స్టార్ట్ చేశాడు, ఆపాడు. ఆ వెనక బ్యాంకావిడ, ఆ వెనక టైలరు.

లారీ డ్రైవరు దిగి వచ్చాడు. "అమ్మా, ఈయనకి ఎన్నాళ్ళ నుంచి నేర్పుతున్నారు?" అన్నాడు.

"ఇవాళే మొదలు నాయనా. కాస్త ఓపిక పట్టు, నువ్వూ ఇలాగే నేర్చుకుని ఉంటావు" అన్నాను.

అతను నవ్వేశాడు. లారీ పక్కన పెట్టి చెట్టు కింద కూర్చున్నాడు. మీ నవ్వుల ఆఫీసరు మాత్రం నవ్వడం మర్చిపోయి ఫోన్‌లో అరుచుకుంటూ ఇటూ అటూ తిరిగాడు. పోలీసులు వచ్చి ఏ సెక్షన్ పెట్టాలో తెలియక ట్రాఫిక్ సర్దారు. ఆ రోజు నుంచి రోజూ పొద్దున్నే ఇదే పాఠం.

మీ ఆఫీసులో టీ తాగుతూ నవ్వుకుంటున్నారన్నావు. ఇదీ చెప్పు, ఇంకాస్త నవ్వుకుంటారు.

క్లచ్ మీద కాలుతో,
వదిన

*

మార్చి 11

వదినగారికి,

చెప్పాను. నవ్వలేదు. ఉత్త గొట్టాలు రోజుల తరబడి లారీల మీదే ఎండుతున్నాయని పైవాళ్ళు మండిపడుతున్నారు. మీరు అనుకున్నది సాధించారు. ఇక ఈ సర్కస్ కట్టిపెట్టండి. మీ స్కూలు లైసెన్సు మీద రవాణా ఆఫీసుకి ఫిర్యాదు వెళ్ళింది. బాగోగులు కోరి ముందే చెబుతున్నాను, దీన్నీ బెదిరింపని సభలో చదివి చప్పట్లు కొట్టించుకోకండి.

ఒక్కటి మాత్రం బతిమాలుతున్నాను. అన్నయ్యని ఇందులోకి లాగకండి. ఆయన నోట్లో నాలుక లేని మనిషి. మీరు గీసిన గీత మీద నడుస్తాడు. రంగులూ కుంచెలూ తప్ప లోకం తెలియదు. మీ పౌరుషానికి ఆయన్ని ముందు నిలబెట్టకండి.

ఇట్లు,
పేరు చెప్పడానికి మీరు సిగ్గుపడే మనిషి

*

మార్చి 20

అమ్మాయ్,

వెక్కిరింతలకి ఓపిక లేదు. జరిగింది రాస్తున్నాను.

మొన్న పొద్దున మీ అన్నయ్య తనంతట తనే నా కారు తలుపు తీసుకుని స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. వద్దన్నాను. "వెనక అందరూ చూస్తున్నారు, నడుపుదాం" అన్నాడు. నేను పక్క సీట్లో ఉన్నాను. మిగతావాళ్ళు కావాలని ఆపేవాళ్ళు, ఆయన బండి నిజంగానే ఆగిపోయింది. మళ్ళీ స్టార్ట్ చేయబోతుంటే మీ కంపెనీ కాపలావాళ్ళు వచ్చి తలుపు లాగి ఆయన్ని కిందికి ఈడ్చారు. రాళ్ళ మీద కుడిచెయ్యి కింద పెట్టి పడ్డాడు. మణికట్టు విరిగింది. కట్టు కట్టిన డాక్టరు, చెయ్యి మునుపటిలా తిరుగుతుందని చెప్పలేనన్నాడు. డ్రాయింగ్ మాస్టారికి కుడి మణికట్టు. ఇంకేం రాయను?

మర్నాడు పేపర్లో మీ కంపెనీ ప్రకటన వచ్చింది. కత్తిరించి పంపుతున్నాను. "తగిన శిక్షణ లేని ఒక వ్యక్తి వాహనం నుంచి దిగే తొందరలో తూలి పడి స్వల్పంగా గాయపడ్డారు. ఆయన త్వరగా కోలుకోవాలని సంస్థ మనస్ఫూర్తిగా కోరుకుంటోంది." ఆయనకి నేనే చదివి వినిపించాను. విని, "మనస్ఫూర్తిగా అన్న ముక్క దానిదే" అన్నాడు. అంతే. గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఇక దాచడం దేనికి? సభలో నీ సంగతి చెప్పింది మీ అన్నయ్యే. నోట్లో నాలుక లేని మీ అన్నయ్య. మైకు మామయ్య చేతిలోంచి మైకు తీసుకుని చెప్పాడు. మీ ఇద్దరి మధ్యా ఎడం రాకూడదని నేను మాటలు పడ్డాను. ఎందుకు పడ్డానా అనిపిస్తోంది.

స్కూలు లైసెన్సు నిలిపేశారు. నీ మాట నిజమయింది, సంతోషించు.

వదిన

*

మార్చి 29

వదినా,

నీ ఉత్తరం ఆఫీసు మెట్ల మీద చదివాను. ఆ ప్రకటన రాయమన్నప్పుడు "ఎవరో ఒక వ్యక్తి" అన్నారు. పేరు చెప్పలేదు. నేను అడగలేదు. అడగకుండా రాయడం నాకు అంత అలవాటైపోయింది.

అన్నయ్యకి ఫోన్ చేశాను. ఎత్తాడు, నా గొంతు విని పెట్టేశాడు. వస్తానంటే నువ్వు గుమ్మం మూసేస్తావని తెలుసు, అందుకే బయల్దేరలేదు.

నువ్వు నన్ను ఎంత తక్కువగా చూస్తావో చూడు. కానీ నేను ఊరికే కూర్చోను. ఇక్కడ నా చేతిలో ఉన్నదేదో ఉంది, అది చేస్తాను. ఆ తర్వాత ఆఫీసులో నా మొహం ఎవరు ఎలా చూసినా సరే. త్వరలో మీకే తెలుస్తుంది.

అన్నయ్యకి మందులు వేళకి వేయి.

నీ ఆడపడుచు

*

ఏప్రిల్ 19

అమ్మడూ,

ఇలా పిలిచి ఎన్నాళ్ళయిందో!

గొట్టం పోయింది. మీ కంపెనీ వాళ్ళు దారి మార్చుకున్నామని పేపర్లో వేశారు. కాపలావాళ్ళు డేరాలు పీక్కుని వెళ్ళిపోయారు. ఊరు ఊరంతా రోడ్డు మీదే. కార్లన్నీ హారన్లు మోగిస్తూ కొండ ఎక్కి దిగాయి. ఈసారి ఒక్కరి బండీ ఆగలేదు. మందులషాపాయన షాపంతా లైట్లు పెట్టించాడు. మైకు మామయ్య తానొక్కడే గొట్టాన్ని పీకి భుజాన వేసుకుని విసిరేసినట్టు మాట్లాడాడు. విరిగిన చెయ్యి ఊసు ఒక్కరూ ఎత్తలేదు. నా లైసెన్సు ఊసు అంతకన్నా ఎత్తలేదు. ఫోటోలో మీ అన్నయ్యని వెనక వరసలో నిలబెట్టి, కట్టు కనిపిస్తే బాగుంటుందని ముందుకి లాగారు. వెధవ సంత!

"మరి ఇప్పుడు గొట్టం ఎక్కడి నుంచి వెళ్తుంది?" అని అడిగాను. "అది మన తలనొప్పి కాదమ్మా" అన్నాడు మామయ్య. అందరూ నవ్వారు. నాకెందుకో ఆ నవ్వు మీ ఆఫీసరు నవ్వులా వినిపించింది.

సరే అది పోనీ. మీ అన్నయ్య ఏమంటున్నాడంటే, నువ్వు లోపల వాళ్ళకి ఎదురు తిరిగి ఉంటావట, ఉద్యోగం వదిలేసి ఉంటావట, అందుకే ఇది జరిగిందట. "అది మొండిది, చేయగలదు" అంటున్నాడు. చెయ్యి విరిగాక ఆయన మొహంలో నవ్వు చూడటం ఇదే మొదలు. ఉద్యోగం పోతే పోయింది, వచ్చెయ్. షెడ్డు ఖాళీగానే ఉంది, ఇద్దరం కూర్చుని తిట్టుకుందాం. నిన్ను అన్న మాటల్లో కొన్ని వెనక్కి తీసుకుంటున్నాను. అన్నీ కాదు.

ఎదురు చూసే,
వదిన

*

ఏప్రిల్ 27

వదినా,

నేను ఉద్యోగం మానలేదు. ఎవరికీ ఎదురు తిరగలేదు. మీ ఇద్దరూ నన్ను ఇంత మంచిదాన్ని చేసేశాక నిజం రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తున్నాను.

మా పెద్దాఫీసరు బల్ల మీద మ్యాప్ పరిచి, "ఈ ఊళ్ళో గోల ఎక్కువైంది, మరి ఎటు తిప్పుదాం?" అన్నాడు. ఆ చుట్టుపక్కల తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఏటి అవతల పల్లం మీద వేలు పెట్టాను. ఇటుక బట్టీల పనివాళ్ళ రేకుల ఇళ్ళున్న చోటు. అక్కడ లాయర్లు లేరు, డాక్టర్లు లేరు. ఎల్ బోర్డు తగిలించడానికి ఒక్క కారు లేదు. "గోల ఉండదు" అని నేనే చెప్పాను. నా తెలివిని మెచ్చుకున్నారు.

ఇదంతా ఎవరి కోసం చేశాను? అన్నయ్య కోసం, నీ కోసం. మీకు కావలసింది ఇదే కదా! పేపర్లో మీ బ్యానర్ ఫోటో చూశాను, అన్నయ్య అక్షరాలు. "మా వీధిలోంచి వద్దు." మీ వీధిలోంచి తీయించాను. ఇంకెవరి వీధిలోంచీ వద్దని మీరెక్కడా రాయలేదే! నన్ను చీదరించుకునే ముందు మీ ఊళ్ళో మోగిన హారన్లు గుర్తు తెచ్చుకో.

నీ ఆడపడుచు

*

మే 10

అమ్మాయ్,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులయింది. మొదట చదివినప్పుడు నువ్వు ఎదురుగా ఉంటే ఏం చేసేదాన్నో నాకే తెలియదు. మా కోసం చేశావట! మా గుమ్మంలో చెత్త ఎత్తి నిద్రపోతున్నవాళ్ళ గుమ్మంలో పోసి, "చూశావా, ఇల్లు ఎంత శుభ్రంగా ఉందో" అన్నట్టుంది. ఇంత నీచమైన బహుమతి నాకింతవరకూ ఎవరూ ఇవ్వలేదు.

కానీ బ్యానర్ గురించి నువ్వన్న ముక్క మళ్ళీ మళ్ళీ చదివాను. మీ అన్నయ్యకి ఉత్తరం ఇచ్చాను. చదివి, షెడ్డులోకి వెళ్ళి, ఆ బ్యానర్ తీసి మడత పెట్టి అటక మీద పడేశాడు. ఆ రోజు అన్నం తినలేదు.

కమిటీని పిలిచాను. ఏటి అవతలవాళ్ళ తరపున కూడా నిలబడదామన్నాను. మైకు మామయ్యకి మోకాలు నొప్పి వచ్చింది. పళ్ళ డాక్టరు, ముందు వాళ్ళొచ్చి మనల్ని అడగనీ అన్నాడు. నాకు సత్కారం చేస్తారట, శాలువా కొన్నారట. శాలువా కప్పుకుని మందులషాపు ముందు నిలబడమని చెప్పి వచ్చేశాను. ఈ మనుషుల కోసమా నేను లైసెన్సు పోగొట్టుకుంది!

మొన్న ఒక్కదాన్నే ఏరు దాటి వెళ్ళాను. పల్లమంతా బురద. బట్టీ పొగ కళ్ళలో పడుతోంది. రేకుల ఇళ్ళ మధ్య అప్పుడే ముగ్గుపిండితో గీతలు గీసి మేకులు పాతారు. ఒక ఇంటి అరుగు మధ్య నుంచే పోతోంది గీత. ఒకావిడ తల మీది ఇటుకలు దించుకుంటోంది. నేనెవరినో చెప్పాను. గొట్టం ఆపడానికి సాయం చేస్తామన్నాను.

ఆవిడ నన్ను పైనుంచి కింది దాకా చూసింది. "కొండ మీద కార్లు అడ్డం పెట్టింది మీరేనా?" అంది.

"మేమే" అన్నాను. ఎక్కడో కొంచెం గర్వం కూడా పలికి ఉంటుంది.

"మీరు తరిమితేనే కదా ఇక్కడికొచ్చింది! ఆ రోజు ఇక్కడిదాకా వినపడ్డాయి మీ హారన్లు. పెళ్ళేమో అనుకున్నాం" అంది. "ఇప్పుడేం చూడ్డానికొచ్చావమ్మా? సరిగ్గా దిగిందో లేదోననా?"

నన్ను మాటల్లో ఓడించినవాళ్ళు ఆ రోజు దాకా లేరని నీకు తెలుసు. చుట్టూ ఇంకొందరు చేరారు. ఎవరూ తిట్టలేదు. నేను మైకు మామయ్యని చూసే చూపుతో నన్ను చూశారు. ఆ చూపు అవతలి వైపు నుంచి ఎలా ఉంటుందో మొదటిసారి తెలిసింది.

నేను వచ్చేస్తుంటే ఆవిడ ఒకటే అడిగింది. "ఇన్ని ఊళ్ళుండగా మా మీదకే ఎందుకు తిప్పారు?" అని. నాకు తెలుసు. చెప్పలేదు. అది నేను చెప్పాల్సింది కాదు.

మళ్ళీ ఆదివారం వెళ్తున్నాను. మీ అన్నయ్యా వస్తున్నాడు. ఎడమచేత్తో కొత్త బోర్డు రాస్తున్నాడు, అక్షరాలు వంకరపోతున్నాయి, ఏం రాయాలో వాళ్ళనే అడుగుతాడట. నువ్వు రావాలి. మా దగ్గరికి కాదు, ఆవిడ దగ్గరికి. రాసి పంపిస్తానంటే ఒప్పుకోను. నీ నోటితో చెప్పు. రాకపోతే ఇక నాకు ఉత్తరం రాయకు, ఫోన్‌లో మీటింగుల సాకూ చెప్పకు.

వదిన

*

మే 16

వదినా,

ఆదివారం పొద్దున బస్సుకి వస్తున్నాను.

ఆఫీసులో చెప్పేశాను, ఎక్కడికి వెళ్తున్నానో, ఏం చెప్పడానికో. మొదట నవ్వారు. తర్వాత నా బల్ల ఖాళీ చేసుకోమన్నారు. దీనికి నన్ను మెచ్చుకోకు. వెళ్ళక తప్పదు కనుక వెళ్తున్నాను, మంచిదాన్నై కాదు.

ఆవిడతో ఏమనాలో రాసుకుందామని రెండు రాత్రులు కూర్చున్నాను. "మ్యాప్ మీద మీ ఇళ్ళు చూపించింది నేనే" అన్న ఒక్కటి తప్ప మిగతావన్నీ కరపత్రంలా వస్తున్నాయి. ఆ ఒక్కటే చెప్తాను. ఆవిడ ఏమన్నా, ఏం చేసినా నువ్వు మధ్యలోకి రాకు.

అన్నయ్యని బస్టాండుకి పంపకు. తనే వస్తానంటే మాత్రం వద్దనకు.

నీ ఆడపడుచు